మాయాలోకం రెండో గేటు, నీలం దీపం

ఎండాకాలం సెలవులు దగ్గర పడ్డాయంటే చుట్టాలకు నామీద ప్రేమ పుట్టుకొస్తుంది. ఏడాది పొడుగునా నేను ఉన్నానో పోయానో పట్టని మేనల్లుళ్లు, తోడల్లుడి తమ్ముళ్లు వరసబెట్టి ఫోన్లు చేస్తారు. మొదట నా మోకాలి నొప్పి గురించి అడుగుతారు. మోకాలి సంగతి నేను సగం చెప్పేలోపే అసలు సంగతిలోకి దిగుతారు. పిల్లల్ని పట్నం దిక్కున్న ఫలానా మాయల పార్కుకు తోల్కపోదామనుకుంటున్నం, నువ్వు పార్కుల పనిజేసినోనివి గదా మామా, ఎట్ల పోవాలె, ఏమేం పట్కపోవాలె, జర చెప్పు అంటారు.

చెప్పి చెప్పి నోరు నొచ్చింది. అందుకే ఈసారి రాసిపెడుతున్నాను. పిల్లలున్నవాళ్లు చదువుకోండి, లేనివాళ్లు నవ్వుకోండి. నేను కోతలు కోస్తానని మా ఆర్మూర్‌లో ఒక పుకారు ఉంది. దాన్ని పుట్టించింది కూడా నేనే, కాబట్టి దాన్నీ నమ్మాల్సిన పని లేదు.

పార్కు పనికి పోకముందు నేను మార్కెట్ యార్డులో పద్దెనిమిదేళ్లు పసుపు తూచాను. తూకం వేసేవాణ్ణి మా దగ్గర దడ్వాయి అంటారు. సీజన్‌లో దడ్వాయికి పసుపు అంటని చోటు ఉండదు. గోళ్ల సందులు, చెవుల వెనక, చొక్కా జేబు మూలలు, అన్నీ పసుపే. నా పెళ్లికి నలుగు పెట్టడానికి వచ్చిన అక్కలు నన్ను చూసి, వీనికి ఇంకేం బెడుతమే అని గిన్నె తీసుకొని వెనక్కి పోయారు. ఈ ముక్క గుర్తుంచుకోండి. పద్దెనిమిదేళ్లు పసుపులో నానిన మనిషి, పసుపు సంగతే మరిచిపోయి ఎలా గడ్డి తిన్నాడో ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఆర్మూర్ గుట్టలు చూసినవాళ్లకు తెలుసు. నల్లటి బండలు ఒకదానిమీద ఒకటి, ఎవరో ఆటకు పేర్చుతూ మధ్యలో అన్నానికి పిలిస్తే లేచిపోయినట్టు నిలబడి ఉంటాయి. వాటికి టికెట్ లేదు గనక ఎవరూ చూడరు. ఆ బండలకు అల్లంత దూరంలో, హైవే పక్కన, సిమెంటుతో అచ్చం అలాంటి బండలే కట్టి, మధ్యలో కోట కట్టి, మాయాలోకం అని పేరు రాసి, టికెట్ పెట్టారు. అసలు బండల నీడలో పుట్టి పెరిగినవాళ్లు సిమెంటు బండల ముందు నిలబడి ఫోటోలు దిగారు. లోకం మీద నాకున్న గౌరవంలో సగం ఆ వారమే పోయింది.

కోట గుమ్మానికి అటొకడు ఇటొకడు పది తలల సిమెంటు రాక్షసులు, కాళ్లు బారజాపుకొని కూర్చున్నవాళ్లు. మేస్త్రీ లెక్క తప్పి ఒకడికి తొమ్మిది తలలే చేశాడు. మేనేజరు నిలదీస్తే, పదోది వెనక గోడ దిక్కు చూస్తున్నది సారూ అన్నాడట. మేనేజరు వెనక్కి పోయి చూసేసరికి మేస్త్రీ దుబాయిలో దిగాడు. కోట పైన రెక్కల డ్రాగన్ ఒకటి. అది మధ్యాహ్నం ఒంటిగంటకు నోట్లోంచి పొగ వదలాలి. ఆ పొగకు ఏదో ఊరి నుంచి దోమల మందు కొట్టే పాత మిషన్ తెచ్చి దాని కడుపులో పెట్టారు. మొదటిసారి పొగ వదిలిన వారం నవీపేట దాకా ఒక్క దోమ లేదు. నవీపేట నుంచి ఒకాయన వచ్చి డ్రాగన్‌కు కొబ్బరికాయ కొట్టిపోయాడు. చేపతోక తొడిగిన జలకన్య కూడా ఉండేది. తోకతో నడవలేదు గనక, పసుపు బస్తాలు తోసే బండి మీద ఆమెను పొద్దున్నే నీళ్లగుంట దాకా తోసుకెళ్లేవాళ్లం. ఆ బండి యార్డు నుంచి తెచ్చింది నేనే. దారి పొడుగునా ఆమె ఫోన్లో వాళ్లమ్మకు కూర ఏం వండాలో చెబుతూ ఉండేది.

మేనేజరు పట్నం మనిషి. మే నెలలో కూడా టై కట్టేవాడు. మమ్మల్ని టీమ్ అనేవాడు. తిట్టాలంటే మాత్రం ఒక్కొక్కరిని విడిగా పిలిచేవాడు. నాకు గెస్ట్ హ్యాపీనెస్ ఆఫీసర్ అని ఉద్యోగం పేరు పెట్టి, ఛాతీకి బిళ్ల తగిలించాడు. ఆ ఆఫీసరు చేసే పనేమిటంటే, పొద్దున మొదటి గేటు దగ్గర వచ్చినవాళ్ల సంచులు విప్పి, వాసన చూసి, తిండి లాక్కోవడం. బయటి తిండి లోపలికి పోకూడదు. లోపల వాళ్లు అమ్మే చల్లారిన సమోసాలే తినాలి.

కుటుంబాలతో పోయేవాళ్లకు నా మొదటి సలహా ఇక్కడే చెప్పేస్తాను. మీ అన్నం మీరు పొద్దున్నే ఇంట్లో తినండి. మిగిలింది బండిలో పెట్టుకోండి. గేటు దగ్గర నవ్వుతూ నిలబడే నా వంటివాడి చేతిలో మాత్రం పెట్టకండి.

నియమం ప్రకారం లాక్కున్న డబ్బాలు మొదటి గేటుకు, రెండో గేటుకు నడుమ మా వెనకనున్న బల్ల మీద పెట్టి, సాయంత్రం పోయేటప్పుడు వాళ్లవి వాళ్లకు ఇవ్వాలి. డబ్బాలు ఇచ్చేవాళ్లం. వాటిలో ఉన్నదాని గురించి మాత్రం నియమంలో ఏమీ రాసి లేదని మేమే అనుకున్నాం. మొదట నేను ఒక ముద్ద రుచి చూశాను. ఎండకు పాడైపోతుందేమోనని, అంతే. రెండో ఆదివారం మేనేజరు గదికి ఒక పళ్లెం పంపాను. అది చూసి తిడతాడనుకుంటే, మూడో ఆదివారం పళ్లెం రాలేదేమని ఆయనే కబురు పెట్టాడు. దానికి క్వాలిటీ చెక్ అని పేరు పెట్టాడు. ఆర్నెల్లలో నేను ముద్ద నోట్లో పెట్టుకొని ఏ ఊరి పులిహోరో చెప్పే స్థాయికి వచ్చాను. భీమ్‌గల్ దిక్కు చింతపండు గట్టిగా పిండుతారు. వేల్పూర్ దిక్కు పల్లీలు గుప్పిళ్లతో పోస్తారు. ఒకసారి ఒక పులిహోర తిని, ఇది అత్త కలిపింది, ఉప్పు మాత్రం కోడలు వేసింది అన్నాను. కనుక్కుంటే నిజమే.

నాతోపాటు గేటు దగ్గర ఆడవాళ్ల సంచులు చూసే ఆవిడ ఉండేది. ఆదివారం పొద్దున చర్చికి పోయి, ప్రార్థన కాగానే డ్యూటీకి వచ్చేది. ఇంటి నుంచి జొన్నరొట్టె, మామిడికాయ తొక్కు తెచ్చుకొని, మా పళ్లేలకు వీపు పెట్టి కూర్చొని తినేది. ఒక్కసారి మాత్రం అంది, గది మనది గాదు గదన్నా అని. నీకు పెట్టలేదని కోపమా చెల్లె అన్నాను. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తెలివైనవాళ్లతో వచ్చిన చిక్కే ఇది. ఒక్కసారే చెబుతారు.

ఇక ముద్ర సంగతి. లోపలికి వచ్చినవాళ్లు భోజనానికి పక్కనే ఉన్న రెండో గేటులోంచి బయటికి పోయి మళ్లీ రావచ్చు. గుర్తుకు చేతిమీద సిరాతో కోట బొమ్మ ముద్ర కొట్టేవాళ్లం. ఆర్మూర్ బుర్రలకు అది ఒక్క వారం ఆగింది. ఒకడు లోపలికి పోయి ముద్ర వేయించుకొని బయటికి వచ్చేవాడు. చేయి తడిచేసి ఇంకొకడి చేతికి అద్దేవాడు. ఆ రెండోవాడు మూడోవాడికి. అద్దిన ప్రతిసారీ బొమ్మ తిరగబడుతుంది గనక, మేం బొమ్మ తిరగబడినవాళ్లను ఆపడం మొదలుపెట్టాం. దాంతో వాళ్లు సరిసంఖ్యలో అద్దుకోవడం నేర్చుకున్నారు. ఒక పెళ్లివారు పెళ్లికొడుకు ఒక్కడి ముద్రతో బాజావాళ్లతో సహా లోపలికి వచ్చి గాజులపండుగ చేసుకొని పోయారు.

మేనేజరు పట్నం పోయి కంటికి కనబడని సిరా తెచ్చాడు. కొడితే చేతిమీద ఏమీ ఉండదు. చేతిలో పట్టుకునే చిన్న నీలం దీపం వెలిగిస్తే, రూపాయి బిళ్లంత వెలుతురులో కోట ఆకుపచ్చగా మెరుస్తుంది. ఇది సైన్స్, మీ ఊరివాళ్లకు అర్థం కాదు అన్నాడు. దసరా తర్వాత పెట్టాం. చలికాలమంతా బాగా పనిచేసింది. మధ్యాహ్నం పూట రెండో గేటు దగ్గర దీపం నా చేతిలోనే ఉండేది. అప్పుడప్పుడు వెలుతురు పక్కకు జరిగితే కొందరి వేళ్ల కొనలు కూడా మెరిసేవి. సిరా అంటుకుందేమో అనుకున్నాను. దీపం పట్టుకున్నవాడి వేళ్లు దీపం వెనక ఉంటాయి గనక, నావి నాకు కనబడలేదు.

ఆ రోజుల్లోనే మేనేజరు నన్ను పిలిచి, కుటుంబంతో వచ్చేవాళ్లకు సలహాలు ఇక్కడి మాటల్లో రాయమన్నాడు. నేను రెండు రాత్రులు కూర్చొని రాశాను. అచ్చు వేయించి గేటు దగ్గర పంచారు. వాటిలో కొన్ని ఇప్పటికీ పనికొస్తాయి, అందుకే చెబుతున్నాను. తెల్లబట్టలు వేసుకొని నీళ్ల ఆటలకు పోకండి. కొత్త చెప్పులు అసలే వద్దు. మధ్యాహ్నానికి మీ ఆవిడ చెప్పులు మీ చేతిలో ఉంటాయి, ఎందుకు ఉన్నాయో చూసేవాళ్లకు తెలియదు. నాకు భయం లేదు అని మొదటి సీట్లో కూర్చునే మగవాళ్ల పక్కన కూర్చోకండి, వాళ్లే అందరికంటే ముందు కక్కుతారు. పిల్లలకు వాళ్ల నాన్న పేరు నేర్పించండి. తప్పిపోయిన పిల్లవాణ్ణి మీ డాడీ పేరేంది అంటే డాడీ అంటాడు, మైకులో ఆ పేరు పిలిస్తే నూరుమంది వస్తారు.

అన్నింటికంటే నేను గర్వపడ్డ సలహా రెండు ముక్కలు. తప్పిపోతే అందరూ రాక్షసుడి కాలు దగ్గర కలుసుకోండి. తినడానికి బయటికి పోతే ఫికర్ చేయకండి, చేతిమీద ముద్ర ఉంది, మళ్లీ లోపలికి రావచ్చు. ఇద్దరు రాక్షసులకు కలిపి నాలుగు కాళ్లున్నాయన్న సంగతి నాకు తట్టలేదు. శివరాత్రి ముంగిట పసుపు కోతలు మొదలవుతాయన్న సంగతీ తట్టలేదు. పార్కుకు వచ్చి రెండేళ్లయింది. నా చేతుల పసుపు పోయింది, దాంతోపాటు బుర్ర కూడా కొంత పోయినట్టుంది.

శివరాత్రి అయ్యాక ఒక ఆదివారం, యార్డుకు సెలవు. వేల్పూర్ దిక్కు నుంచి ఒక ముసలవ్వ మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చింది. పసుపు ఉడికించి ఎండబెట్టాక, కొమ్ములకు మెరుపు రావడానికి పెద్ద ఇనుప డ్రమ్ముల్లో వేసి తిప్పుతారు. ఆ డ్రమ్ముల దగ్గర పనిచేసేవాళ్లను దూరం నుంచే గుర్తుపట్టవచ్చు, కనుబొమలు కూడా పసుపే. అవ్వ ఆ పనిచేసే మనిషి. మనుమరాలికి ఆరేళ్లుంటాయి. పచ్చగౌను, రెండు జడలు, ఒక జడ అప్పటికే ఊడింది. వాళ్లమ్మకు కాన్పు అయిందని, పిల్ల ఇంట్లో అలుగుతోందని, దాని పుట్టినరోజుకు రాక్షసుణ్ణి చూపిస్తానని మాట ఇచ్చానని అవ్వ అడగకుండానే చెప్పింది.

ఆడవాళ్ల సంచులు చూసే ఆమె ఇంకా చర్చి నుంచి రాలేదు గనక నేనే చూశాను, సంచిలో స్టీలు డబ్బా దొరికింది. నేను లాక్కున్నాను. అవ్వ కొట్లాడలేదు. పొద్దుమూకి ఇస్తవా బిడ్డా అని అడిగింది. ఇస్తానవ్వా అన్నాను. అందుల పల్లీలు మస్తుగ ఏసిన, దీనికి పల్లీలంటే పానం, జాగర్తగ పెట్టు అంది. ముడతలు పడ్డ మణికట్టు మీద ముద్ర కొట్టాను. దీపం వెలిగించి చూసే పని మొదటి గేటులో లేదు.

పన్నెండు కాకముందే డబ్బా మూత తీశాను. వేల్పూర్ పులిహోర, అందులో పుట్టినరోజు పులిహోర. మేనేజరుకు ఒక పళ్లెం పంపాను. మిగిలింది నేను తిన్నాను. నాకు ఉద్యోగంలో గుర్తున్న మంచి భోజనం ఏదని అడిగితే సిగ్గులేకుండా అదే చెబుతాను.

పన్నెండున్నరకు అవ్వ రెండో గేటుకు వచ్చింది. పిల్ల ఆకలంటోంది, కోట ముందు లైన్లో నిలబడి ఉంది, లైను వదిలితే వెనక్కి పోవాల్సి వస్తుందని ఏడుస్తోంది. డబ్బా ఇస్తే బయటికి తీసుకుపోయి, పిల్లను బతిమాలి పిలిచి నాలుగు ముద్దలు తినిపించుకుంటానంది. డబ్బా నా వెనక బల్ల మీద ఖాళీగా ఉంది. నేను దానికి అడ్డం జరిగి, ఏమాత్రం తడబడకుండా, డబ్బాల గది తాళం మేనేజరు దగ్గరుందవ్వా అన్నాను. బయట రోడ్డు మీద అరటిపండ్లున్నాయి, రెండు పట్టుకొని రా, వాటికి నేను అడ్డు చెప్పను, చేతిమీద ముద్ర ఉంది కదా, ఫికర్ చేయకు అన్నాను. నా సలహాల కాగితంలో ఉన్న ముక్కే అది, ఆ కాగితం రాసింది నేనేనని కూడా చెప్పుకున్నాను.  పిల్లను చూడమని లైన్లో ముందున్న ఎవరో ఒకామెకు అప్పజెప్పి వచ్చానని, కాగితంలో రాసినట్టే తప్పిపోతే రాక్షసుని కాలుకాడ ఉండమన్నానని చెప్పి బయటికి పోయింది.

పిల్లలు గలవాళ్లకు ఇంకో సలహా. లైన్లో ముందున్నామె మీకు ఏమీ కాదు. ఆమె పిల్లలే ఆమెకు సరిగ్గా గుర్తుండరు.

పావుగంటలో అవ్వ అరటిపండ్లతో తిరిగొచ్చింది. చేయి చాపింది. నేను దీపం వెలిగించాను.

కోట లేదు. కోట ఉండాల్సిన చోటు మొత్తం వెలుగుతోంది. వెలుతురు పక్కకు జరిపితే అరచేయి వెలుగుతోంది. పైకి జరిపితే మోచేతి దాకా వెలుగుతోంది. గోళ్ల చుట్టూ, గీతల్లో, ముడతల్లో, ఒక్కొక్క గీత విడివిడిగా ఆకుపచ్చ పసుపు రంగులో మెరిసింది. ముద్ర ఆ మెరుపులో మునిగిపోయింది. ఆ చేయి మీద ఎన్ని కోటలు కొట్టినా కనబడవు. అవ్వ తన చేయి తానే వింతగా చూసుకొని, గిదేంది బిడ్డా, నేనేమన్న దేవతనా అని నవ్వింది.

నేను నవ్వలేదు. ఒక్క క్షణంలో నాకు మొత్తం అర్థమైంది. ఇది పసుపు. చలికాలంలో నేను చూసిన వేళ్ల కొనలూ పసుపే. అంటే పులిహోర తిన్న ప్రతి వేలూ దీపం కింద మెరుస్తుంది. దీపాన్ని ఎడమ చేతిలోకి మార్చి, కుడి చేయి ప్యాంటు జేబులో పెట్టుకున్నాను.

అవ్వ వెనక డ్రమ్ముల దగ్గర పనిచేసే మరో పదిమంది నిలబడ్డారు. వాళ్లూ అన్నానికి పోయి వచ్చినవాళ్లే. ఒక్కడి చేతిమీదా కోట కనబడలేదు. గోల మొదలైంది. గోల విని మేనేజరు వచ్చాడు. టై సర్దుకొని, విషయం సగం విని, తీర్పు చెప్పాడు. వీళ్లు టికెట్ లేకుండా వచ్చిన గుంపు, చేతులకు ఏదో కెమికల్ పూసుకొచ్చారు, ఒక్కరినీ వదలొద్దు. పసుపు సారూ అన్నాను. పసుపైతే కడిగితే పోతుంది, నాకు తెలియదా అన్నాడు. పసుపు యార్డు ఉన్న ఊళ్లో నిలబడి ఆ మాట అన్నాడు. వెనక నిలబడ్డ పదిమందీ ఒకేసారి ఆయన్ని జాలిగా చూశారు.

అవ్వ మాత్రం ఆ వాదనలోకి రాలేదు. ఆమె చూపు కోట దిక్కే ఉంది.

"సారూ, నాకు మీ పార్కు వద్దు. నా మనుమరాలు లోపట ఒక్కతే ఉన్నది. దాన్ని తీస్కొని గిట్లనే బయటికొస్త. జర పోనియ్యి."

మేనేజరు అందరూ ఇదే కథ చెబుతారన్నాడు. చర్చి నుంచి వచ్చి నా పక్కన నిలబడ్డ సంచుల ఆవిడ గడియారం చూసింది. ఒంటిగంటకు ఇంకా అయిదు నిమిషాలుంది. ఒంటిగంటకు డ్రాగన్ పొగ వదులుతుంది. పొగ వదలగానే కోట ముందున్న జనం అరుచుకుంటూ నాలుగు దిక్కులకు ఉరుకుతారు. ఆ పొగలో పెద్దవాళ్లకే పెద్దవాళ్లు కనబడరు. అంతకు ముందు నెల ఒక పిల్లవాడు ఆ ఉరుకులాటలో కిందపడి మోచేయి విరగ్గొట్టుకున్నాడు. అన్నా, పొగ అని ఆమె మెల్లగా అంది. ఈమె ఒక్కసారే చెప్పే మనిషని ముందే చెప్పాను.

గేటు కడ్డీ నా చేతి దగ్గరే ఉంది. ఎత్తితే అయిపోయేది. ఈ మాట ఇన్నేళ్ల తర్వాత రాస్తుంటే తేలికగానే ఉంది. అప్పుడు మాత్రం బిళ్ల తగిలించుకున్న ఆఫీసరుకు చేయి లేవలేదు. ఎడమ చేతిలో దీపం, కుడి చేయి జేబులో. కుడి చేయి బయటికి తీస్తే ఏమవుతుందో నాకొక్కడికే తెలుసు.

మేనేజరు మాత్రం సైన్స్ చెబుతున్నాడు. "శుభ్రమైన చేయి ఎలా ఉంటుందో చూపిస్తా, చూడండి," అని తన చేయి చాపాడు. నేను వెలుతురు మణికట్టు మీద వేశాను. చీకటి. చూశారా అన్నాడు. అప్పుడు వెలుతురును నెమ్మదిగా కిందికి, వేళ్ల మీదికి జరిపాను. గాలికి జరిగిందని తర్వాత చెప్పాను.

అయిదు వేళ్ల కొనలూ వెలిగాయి. కణుపుల దాకా. ఆయన ఉలిక్కిపడి ముందుకు వంగి చూసుకున్నాడు. వెలుతురు ఆయన ముఖం మీద పడింది. మీసం కుడివైపు కొస వెలిగింది. టై మీద ఆవగింజంత చుక్కలు రెండు వెలిగాయి. ఎంత నలుగు పెట్టిన పెళ్లికొడుకూ అంత వెలగడు.

 అవ్వ మేనేజరు వేళ్లు చూసింది, మీసం చూసింది. గేటు వెనక బల్ల మీద మూత పక్కకు పెట్టి ఉన్న తన స్టీలు డబ్బాను చూసింది. ఆమె గొంతు పెంచలేదు.

"ఉప్పు సరిపోయిందా సారూ?"

వెనక పదిమందిలో మొదట ఒకడు నవ్వాడు. తర్వాత ఆ నవ్వు పార్కింగులో ఉన్న బస్సుల దాకా పోయింది. మేనేజరు చేయి వెనక్కి పెట్టుకున్నాడు. టైతో మీసం తుడుచుకున్నాడు, దాంతో టై మొత్తం మెరిసింది. ఆ నవ్వులో నా పక్కనున్న ఆవిడ నన్ను దాటి చేయి చాపి కడ్డీ ఎత్తింది. పో అవ్వా అంది. నేను చేయాల్సిన పని ఆమె చేసింది. నేను దీపం పట్టుకొని నిలబడ్డాను.

అవ్వ వెంట నేనూ ఉరికాను. కోట ముందుకు చేరేసరికి డ్రాగన్ దగ్గింది. నవీపేట దోమలను చంపిన పొగ మొత్తం కోట ముందుకు దిగింది. జనం అరుస్తూ మామీదికి వచ్చారు. అవ్వ ఎదురీదుతున్నట్టు చేతులు చాపి, పిల్ల పేరు పిలుస్తూ పోయింది. మొదటి రాక్షసుడి కుడికాలు దగ్గర ఎవరూ లేరు. ఎడమకాలు దగ్గర ఎవరి చెప్పో ఒకటి పడి ఉంది. నాలుగు కాళ్లు. నా సలహా. నేను రాసింది నేనే చదువుకుంటూ ఉరికినట్టు ఉరికాను. అవ్వ ఒక్కసారి ఆగి నా దిక్కు తిరిగింది. ఏ కాలని రాసినవు బిడ్డా అని అడిగింది.  నా నోట మాట రాకపోవడం ఆర్మూర్ చరిత్రలో అదొక్కసారే.

రెండోవాడి, ఆ తొమ్మిది తలలవాడి, ఎడమ పాదం వెనక పిల్ల దొరికింది. పిల్లలతో ఫోటోలు దిగడానికి రాక్షసుడి వేషం వేసుకొని తిరిగే మనిషి ఒకడు, పొగలో ఒంటరిగా నిలబడ్డ పిల్లను చూసి, సిమెంటు పాదాల మధ్య సందులో కూర్చోబెట్టి, తాను అడ్డంగా నిలబడ్డాడు. తన కొమ్ముల తలకాయ తీసి దాని ఒళ్లో పెట్టాడు. పిల్ల ఆ తలకాయను రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, కళ్లు మూసుకొని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. అవ్వ చేయి తగలగానే కళ్లు తెరిచింది. అవ్వ దాన్ని ఎత్తుకొని ఊడిన జడ సర్దింది. అరటిపండ్లు ఉరుకులాటలో ఎక్కడో పడిపోయాయి.

పిల్ల అవ్వ భుజం మీద తల పెట్టి, కాసేపటికి ఎక్కిళ్లు తగ్గాక అడిగింది.

"అమ్మమ్మా, నా పల్లీల బువ్వేది?"

అవ్వ కొంగుతో దాని ముక్కు తుడిచింది. నేను రాక్షసుడి పదో తల ఎటుందో వెతుకుతున్నట్టు పైకి చూశాను.

రాక్షసుడి వేషగాడు తన రొట్టె సగం విరిచి పిల్లకు ఇచ్చాడు. ఆ పార్కులో మాయ అని రాసిపెట్టిన వాటిలో నాకు నమ్మకం కలిగింది ఆ ఒక్క రొట్టె ముక్క మీదే.

ఆ తర్వాత వాళ్లు కోట లోపలికి పోలేదు. వెంటనే గేటు దగ్గరికి వచ్చేశారు. నేను ముందే ఉరికి డబ్బా కడిగి, తుడిచి, మూతపెట్టి సిద్ధంగా ఉంచాను. ఎడమ చేత్తో ఇచ్చాను. ఎడమ చేత్తో ఇస్తవేంది బిడ్డా అంది. మా దగ్గర ఎవరూ ఎడమ చేత్తో ఏదీ ఇవ్వరు, పుచ్చుకోరు. నేను కుడి చేయి నొప్పిగా ఉందన్నాను. ఆమె పిల్లను దింపింది. బల్ల మీదున్న నీలం దీపం తీసుకుంది. వెలిగించడం ఇందాక చూసిందే కదా. నా జేబు దిక్కు చూస్తూ ఊరికే నిలబడింది.  వెనక ఎవరో జరుగు అవ్వా అంటున్నారు, ఆమె జరగలేదు.

చివరికి నేనే చేయి బయటికి తీశాను.

మేనేజరు వేళ్లు కణుపుల దాకానే మెరిశాయి. ఆయన వేళ్ల కొసలతో ఏరుకొని తినే మనిషి. నేను కలిపి తినేవాణ్ణి. అరచేయి మొత్తం వెలిగింది. నా పక్కనున్న ఆవిడ అటు తిరిగి సంచులు సర్దుకుంది, లేని సంచులు. అవ్వ దీపాన్ని నా మణికట్టు మీదికి జరిపి, మేం జనం చేతులు చూసినట్టే, అటూ ఇటూ తిప్పి చూసింది. పిల్ల కూడా తొంగి చూసింది.

"నీకు గూడ ముద్ర లేదు బిడ్డా," అంది. "నిన్ను లోపటికి రానియ్యరు. బయటనే ఉండు."

దీపం ఆర్పి బల్ల మీద పెట్టింది. డబ్బా సంచిలో వేసుకొని పిల్ల చేయి పట్టుకొని బస్సు దిక్కు పోయింది.

ఆ తర్వాతి మార్కెట్ రోజుకు నేను మళ్లీ యార్డులో తూకం దగ్గర ఉన్నాను. దడ్వాయిల గుంపు నన్ను చూసి ఏం మాట్లాడుకున్నారో నాకు తెలుసు, వాళ్లు చెప్పుకున్నది నేనే కల్పించి వదిలిన కథ. ఆ పార్కు తర్వాత రెండేళ్లకు మూతపడింది. మేనేజరు ఇంకో పార్కులో ఇంకో టై కట్టుకొని ఉంటాడు. తొమ్మిది తలలవాడు ఇప్పటికీ హైవే పక్కన కూర్చునే ఉన్నాడు, వర్షాలకు రెండు తలలు రాలాయి. ఇప్పుడు మోకాలి వల్ల తూకం కూడా మానేశాను. పిల్లల్ని తీసుకొని ఆ పట్నం పార్కుకు పోతూ, నువ్వు కూడా రా మామా, నీకైతే అన్నీ తెలుసు అని పిలుస్తుంటారు. పోయి రండి, నేను రాను అంటాను. బస్సులో నీళ్లు, సంచులు, పులిహోర డబ్బాలు చూసుకుంటూ పార్కింగులో కూర్చుంటానంటే మాత్రం వస్తాను. ఎవరి డబ్బా మూతా తీయను.